వందో పేజీ దాటని నవల

ప్రశ్న: అమెరికన్ రచయిత థామస్ పించన్ నవల ‘గ్రావిటీస్ రెయిన్‌బో’ని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ వంద పేజీల లోపే వదిలేశాను. మొదటిసారి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. రెండోసారి గైడు పుస్తకం తెరిచి పెట్టుకుని, కనిపించిన ప్రతి పేరూ నోట్‌బుక్‌లో ఎక్కించాను. మూడోసారి ఏదీ పట్టించుకోకుండా గబగబా లాగించేద్దామనుకున్నాను, అదీ కుదరలేదు. చైతన్య స్రవంతి నవలలు కష్టపడైనా పూర్తి చేసిన అనుభవం ఉంది. మరి ఇక్కడే ఎందుకు బోర్లా పడుతున్నాను? నాకు తెలివి చాలకా, లేక ఇలాంటి పోస్ట్‌మోడర్న్ (ఆధునికోత్తర) నవలల్ని మెచ్చుకునేవాళ్ళు నటిస్తున్నారా? అసలు వీటిలో సరదా ఏమిటి? ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఎంత అర్థమైతే చాలు? ఒకసారి చదివితే సరిపోతుందా?

జవాబు: తెలివి సంగతి ముందే తేల్చేద్దాం. ఆ నవల 1973లో వచ్చింది. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతికి న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఏకగ్రీవంగా దాని పేరే చెబితే పై బోర్డు ఒప్పుకోలేదు. ఆ ఏడు ఫిక్షన్‌కి పులిట్జర్ ఎవరికీ ఇవ్వలేదు. అదే 1974లో నేషనల్ బుక్ అవార్డు మాత్రం, ఇంకో పుస్తకంతో కలిపి, దానికే దక్కింది. చదవడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళే రెండు జట్లుగా చీలిపోయిన పుస్తకం ముందు మీరు మూడుసార్లు ఆగిపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇక నటించేవాళ్ళంటారా, ఉంటారు. కానీ దాన్ని పగలబడి నవ్వుకుంటూ చదివేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి మీకన్నా ఎక్కువ తెలిసి కాదు, ఎక్కడ తెలియకపోయినా ఫర్వాలేదో వాళ్ళకి పట్టుబడింది.

మీ ఉత్తరంలో అసలు ఆచూకీ ఒక్క వాక్యంలో ఉంది. చైతన్య స్రవంతి నవలలు పూర్తి చేశానన్నారు కదా, ఆ అలవాటే ఇక్కడ కాళ్ళకి అడ్డం పడుతోంది. ఆ నవలల్లో గందరగోళం ఎంత ఉన్నా అదంతా ఎవరో ఒకరి బుర్రలో జరుగుతుంది. ఎవరి బుర్రో కనిపెట్టారంటే సగం చిక్కు విడిపోయినట్టే. లోకం ఒకటే, చూసే కళ్ళు వేరు. పోస్ట్‌మోడర్న్ నవలకి ఈ తాళంచెవి పట్టదు. బ్రయన్ మెక్‌హేల్ అనే విమర్శకుడు 1987లో వేసిన పుస్తకంలో ఈ తేడాని విడమరిచి చెప్పాడు: మోడర్నిస్టు నవల, అంటే మీరు చదివిన చైతన్య స్రవంతి నవలల్లాంటిది, ‘ఈ లోకాన్ని ఎలా తెలుసుకోవడం?’ అన్న ప్రశ్న చుట్టూ తిరిగితే, పోస్ట్‌మోడర్న్ నవల ‘అసలిది ఏ లోకం?’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కల, సినిమా, నాటకం, ఎవరో రాసిన నివేదిక, పాట, వీటన్నిటికీ అందులో ఒకటే హోదా. ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టుకి దిగుతున్నప్పుడు ‘ఇక్కడ మెట్టుంది’ అని ఎవరూ చెప్పరు. మీరు గట్టి నేల కోసం కాలు చాపుతున్నారు. కాలు జారుతోంది.

మీరు ఆగిన పుస్తకం మొదటి పేజీలే తీసుకోండి. ఆకాశంలో ఒక కీచుమన్న అరుపుతో నవల మొదలవుతుంది. తర్వాత చీకట్లో జనాన్ని ఊరు ఖాళీ చేయిస్తున్నారు. రైలు పెట్టెలు, గాజు కప్పు, ఎక్కడికి పోతున్నామో తెలియని మనుషులు. మీలాగా శ్రద్ధగా చదివే పాఠకుడు ఇక్కడ ఏం చేస్తాడు? ఏ ఊరు, ఏ రైలు, ఎవరు వీళ్ళు అని వెతుకుతాడు. రెండు మూడు పేజీలు గడిచాక పైరేట్ ప్రెంటిస్ అనే సైనికాధికారి లండన్‌లో నిద్ర లేస్తాడు. ఇప్పటిదాకా చదివింది అతని కల. వెతుకులాటంతా వృథా అయిందని ఒళ్ళు మండుతుంది. కాసేపటికి అతను పైకప్పు మీద గాజు గదిలో పండించిన అరటిపళ్ళతో ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ అల్పాహారం వండటం మొదలుపెడతాడు. అదేమో పేజీలకి పేజీలు సాగుతుంది. ‘ఇందులో ఏది ముఖ్యం?’ అని తల పట్టుకుంటారు.

అదే చోట ఇంకోలా చదవొచ్చు. ఆ అరుపు రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు లండన్ మీదికి వదిలిన V-2 రాకెట్‌ది. అది ధ్వని కన్నా వేగంగా వస్తుంది కాబట్టి ముందు పేలుడు, తర్వాత చప్పుడు. అంటే ఆ అరుపు మీ చెవిన పడిందంటే రాకెట్ అప్పటికే ఎక్కడో పడిపోయింది, మీరింకా బతికున్నారు. కారణం వెనక, ఫలితం ముందు. నవలంతా నడిచే తీరు కూడా ఇదే: ముందు దృశ్యం తగులుతుంది, దాని సంగతేమిటో ఎప్పుడో తర్వాత వినిపిస్తుంది. పైగా మొదటి పేజీలోనే, ఆ జనం తరలింపు గురించి చెబుతున్నట్టుగా, ఇది ముడి విప్పుకుని బయటపడటం కాదు, ముడిలోకి ఇంకా ఇంకా చుట్టుకుపోవడం అన్న అర్థమొచ్చే మాట ఒకటి ఉంది. రచయిత చదివే పద్ధతిని మొదటి పేజీలో గుప్పెట్లో పెట్టి ఇచ్చేశాడు. ఇలాంటి పుస్తకాలు చాలావరకు మొదటి పది పదిహేను పేజీల్లో ఈ పని చేస్తాయి. కథ పట్టుకోవాలన్న ఆత్రంలో మనం దాన్ని దాటిపోతాం.

ఇప్పుడు మీ మూడు ప్రయత్నాలు చూద్దాం. మూడూ మూడు రకాలుగా చెడ్డాయి.

నిఘంటువుతో చదివినప్పుడు చెడింది లయ. పించన్ వాక్యం ఒక్కోసారి అర పేజీ ఉంటుంది. మధ్యలో రెండుసార్లు ఆగారంటే వాక్యం మొదలు మరిచిపోతారు, మళ్ళీ మొదటికి వస్తారు, గంటకి నాలుగు పేజీలు అవుతాయి. నాలుగు పేజీల వేగంలో హాస్యం చచ్చిపోతుంది. జోకుకి కాలం ముఖ్యం కదా. నియమం ఇలా పెట్టుకోండి: చదువుతున్నంతసేపూ నిఘంటువు మూసి ఉండాలి. తెలియని మాట పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకి పోవాలి. లేచేముందు చుక్కలన్నీ ఒకసారి చూసి, వాటిలో మూడే మూడు ఎంచుకుని అర్థం చూడాలి. రెండోసారి ఎదురైన మాటకి ముందు చోటివ్వండి. మిగతావి అలాగే వదిలేయండి. చాలావాటి అర్థం వాక్యమే చెప్పేస్తుంది. చెప్పకపోయినా కొంపలంటుకోవు.

గైడుతో చదివినప్పుడు చెడింది వరస. స్టీవెన్ వైసెన్‌బర్గర్ రాసిన సహచర గ్రంథం మంచిదే. 1988లో వచ్చింది, 2006లో పెంచి మళ్ళీ వేశారు. కానీ అది పక్కన తెరిచి పెట్టుకుంటే మీరు చదువుతున్నది నవల కాదు, నవల మీద టిప్పణి. ఎపిసోడ్ (ఆ నవలలో అధ్యాయం లాంటి ముక్క) పూర్తయ్యాక గైడు తెరిస్తే ‘ఓహో, అదా!’ అనిపిస్తుంది, అది సంతోషం. ముందే తెరిస్తే ‘సరే, ఇది రావాలన్నమాట’ అని ఎదురుచూస్తారు, అది హోంవర్కు. కాబట్టి గైడు వెనక నుంచి రావాలి. అదీ మీకు నచ్చిన ఎపిసోడ్లకే. నచ్చని ఎపిసోడ్‌కి పది టిప్పణీలు చదివినా అది నచ్చదు.

పేర్ల జాబితా సంగతి కూడా ఇక్కడే. ఆ నవలలో నాలుగు వందల దాకా పాత్రలున్నాయి. అందులో ఎక్కువమంది ఒకసారి కనపడి మళ్ళీ రారు. అందరినీ రాసుకుంటే వారంలో మీ నోట్‌బుక్ ఓటర్ల జాబితాలా తయారవుతుంది. మొదటిసారి కనిపించిన పేరు రాయకండి. రెండో ఎపిసోడ్‌లో మళ్ళీ కనిపిస్తే అప్పుడు రాయండి: పేరు, పేజీ, ఒక్క గుర్తు. ‘ప్రెంటిస్, 5, అరటిపళ్ళు’. అంతకు మించి వద్దు. ఇలా చేస్తే నవల మొత్తానికి రెండు మూడు పేజీలు మించదు, ఆ పేర్లే నిజంగా కావలసినవి.

ఇక గబగబా చదివినప్పుడు ఏం చెడిందో మీకే తెలుసు. కథ కోసం పరిగెత్తారు, అక్కడ పరిగెత్తి పట్టుకునే కథ లేదు. డిటెక్టివ్ నవలకి పనికొచ్చే వేగం ఇక్కడ పనికిరాదు. మామూలు నవల మీరు గంటకి నలభై పేజీలు చదువుతారనుకుంటే, వీటికి పదిహేను నుంచి ఇరవై సరైన లెక్క. అంతకు దిగువకి పోతే లయ పోతుంది, పైకి పోతే దృశ్యం పోతుంది.

‘అర్థం కావడం లేదు’ అన్న మాట జ్వరం లాంటిది. దాని వెనక జబ్బులు నాలుగైదు ఉంటాయి, ఏది ఏదో తెలిస్తే తప్ప మందు వేయలేం. తర్వాత ఆగిపోయినప్పుడు పుస్తకం మూసి ఒక్క ప్రశ్న వేసుకోండి: నాకిప్పుడు తెలియనిది వాక్యమా, మాట్లాడుతున్న మనిషా, కాలమా, లేక ఇది ఏ మెట్టు మీద జరుగుతోందన్నదా?

వాక్యమే చిక్కుపడితే ఎముక పట్టుకోవాలి. పించన్‌దే చిన్న నవల ‘ద క్రయింగ్ ఆఫ్ లాట్ 49’, 1966లో వచ్చింది. దాని మొదటి వాక్యం ఒక పేరా అంత ఉంటుంది. ఎముక ఇంతే: ఒక వేసవి మధ్యాహ్నం ఈడిపా మాస్ ఇంటికొచ్చేసరికి, చనిపోయిన ఒక ధనవంతుడి ఆస్తి చక్కబెట్టే బాధ్యత తన మీద పడిందని తెలిసింది. ఈ ఎముక దొరికాక మాంసం చూడండి. ఆమె వచ్చింది ఒక విందు నుంచి, అక్కడ వంటకంలో మద్యం కాస్త ఎక్కువే పడినట్టుంది. తన హోదాకి ఏ మాట వాడాలో, పురుషవాచకమా స్త్రీవాచకమా, ఆమెకే సరిగ్గా తెలియదు. ఆ ధనవంతుడు ఒకప్పుడు తీరిక వేళల్లో 20 లక్షల డాలర్లు పోగొట్టుకున్న ఘనుడు. అయినా మిగిలిన ఆస్తి చిక్కుముడులతో ఉంది. ఇవి మొదట చూపులో హాస్యం కోసం వేసిన తోకల్లా కనిపిస్తాయి. కానీ చూడండి: మనిషి కాస్త మత్తులో ఉంది, తను పోషించాల్సిన పాత్ర ఏమిటో తెలియదు, ముందున్నది చిక్కుముడి. నవలంతా ఈ మూడింటి మీదే నడుస్తుంది. జోకులే సమాచారం. వాటిని దాటేసి గంభీరమైన వాక్యం కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ రకం పుస్తకాల్లో ఎప్పుడూ ఖాళీ చేతులతో మిగిలిపోతారు.

ఇంగ్లీషులో చదివే తెలుగు పాఠకులకి దీనికి తోడు ఇంకో ఇబ్బంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కాబట్టి బుర్ర ఫుల్‌స్టాప్ దాకా ఊపిరి బిగబట్టి ఉంటుంది. ఇంగ్లీషులో క్రియ సాధారణంగా ముందే వచ్చేసి, మిగతాదంతా వెనక వేలాడుతుంది. పొడుగు వాక్యంలో కర్త, క్రియ దొరకగానే ఊపిరి వదిలేయండి. తర్వాత వచ్చేదంతా అలంకారంలా, ఒక్కొక్కటిగా వినండి. అలవాటు పడటానికి వారం పడుతుంది.

మాట్లాడేది ఎవరో తెలియకపోవడం రెండో రకం. దీనికి గట్టి ఉదాహరణ విలియమ్ గ్యాడిస్ ‘జె ఆర్’. 1975లో వచ్చింది, 726 పేజీలు, దాదాపు అంతా సంభాషణే. కొటేషన్ గుర్తులు లేవు, మాట ముందు ఒక గీత మాత్రం ఉంటుంది. ‘అన్నాడు’, ‘అంది’ ఉండవు, అధ్యాయాలు ఉండవు. కళ్ళతో చదివితే గోడలా నిలబడుతుంది. మందు ఒకటే: గట్టిగా చదవండి. పది పేజీలు పైకి చదివారంటే ఎవరు వాక్యం మధ్యలో తెంపేస్తారు, ఎవరు ‘హే’ అంటూ మొదలెడతారు అన్నది చెవి పట్టేస్తుంది. చెవికి తెలిసింది కంటికి తెలియడానికి ఇంకో రెండు రోజులు పడుతుంది. గొంతు లేనివాళ్ళకి ఆడియోబుక్ ఉంది. అయితే పుస్తకం చేతిలో పెట్టుకుని వినాలి, ఉత్తినే వింటే వాక్యం పోతుంది.

కాలం చిక్కుపడటం అన్నిటికన్నా తేలిక. దాన్ని కాగితం తీరుస్తుంది. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ ‘ఇన్ఫినిట్ జెస్ట్’ (1996)లో సంవత్సరాలకి అంకెలు లేవు, కంపెనీలకి అమ్ముకున్న పేర్లున్నాయి. ఏది ముందో ఏది వెనకో చెప్పే పట్టిక రెండు వందల పేజీలు దాటాక వస్తుంది. అప్పటిదాకా ఒక కాగితం మీద పేర్లు పక్కపక్కన రాసి పెట్టుకోండి, పట్టిక రాగానే అంకెలు వేయండి. మొదటి అధ్యాయం కాలంలో చివరిదని కూడా తెలిసి ఉండటం మంచిది. తెలిస్తే ఏమీ పాడవదు. ఆ పుస్తకానికి వెనక 388 ఎండ్‌నోట్లు, దాదాపు వంద పేజీలు. కొన్ని ఒక ముక్క, కొన్ని ఏకంగా అధ్యాయాలు. అవి ఐచ్ఛికం కాదు, కథలో కొంత భాగం అక్కడే జరుగుతుంది. రెండు బుక్‌మార్కులు తప్పనిసరి, ఒకటి చదివే చోట, ఒకటి నోట్ల దగ్గర. ఈ ఒక్క పుస్తకానికి మాత్రం ఈ-బుక్ మేలు, అంకె మీద నొక్కితే నోటు వస్తుంది, మళ్ళీ నొక్కితే వెనక్కి. మిగతావాటికి కాగితమే మంచిది, వెనక్కి తిప్పి ‘ఎడమ పక్క పేజీలో కింద చదివాను’ అని వెతుక్కునే సౌకర్యం తెర మీద ఉండదు.

నాలుగోది, ఏ మెట్టు మీద ఉన్నామో తెలియకపోవడం, అసలైన పోస్ట్‌మోడర్న్ కష్టం, అసలైన పోస్ట్‌మోడర్న్ సరదా కూడా. దీన్ని నేర్చుకోవడానికి నబొకోవ్ ‘పేల్ ఫైర్’ (1962) కన్నా మంచి బడి లేదు. ముందుమాట, నాలుగు కాండల్లో 999 పంక్తుల కవిత, దాని మీద వ్యాఖ్యానం, చివర అకారాది సూచిక. చూడటానికి ఎవరో పండితుడు పరిష్కరించిన కావ్యంలా ఉంటుంది. కవి జాన్ షేడ్, పరిష్కర్త చార్ల్స్ కిన్‌బోట్. ముందుమాటలో కిన్‌బోట్ కార్డుల లెక్క, పంక్తుల లెక్క శ్రద్ధగా చెప్పుకుంటూ వచ్చి, ఉన్నట్టుండి తన బస ఎదురుగా వినోదాల పార్కు ఒకటి గోలగా ఉందని ఒక వాక్యం విసురుతాడు. మళ్ళీ ఏమీ జరగనట్టు పాండిత్యంలోకి పోతాడు. అక్కడ ఆగండి. పండితుడి ముందుమాటలో ఆ వాక్యానికి పనేమిటి? ఈ మనిషి ఎక్కడ ఉండి రాస్తున్నాడు, ఎవరి నుంచి దాక్కున్నాడు? ఆ ఒక్క పగుల్లోంచి నవలంతా కారుతుంది.

ఏ వరసలో చదవాలన్నది ఈ పుస్తకానికి పెద్ద తగాదా. కిన్‌బోట్ తన వ్యాఖ్యలే ముందు చదవమంటాడు, తర్వాత వాటి సాయంతో కవిత, ఆ తర్వాత మళ్ళీ వ్యాఖ్యలు. అతని మాట వినకండి. ఆ సలహాయే అతనెలాంటివాడో చెబుతోంది. ముందుమాట చదవండి. తర్వాత కవిత మొత్తం ఒకే కూర్చోడంలో చదవండి, గంటన్నర పడుతుంది. అది నిజంగా మంచి కవిత, కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి రాసింది. ఆ గొంతు మనసులో నిలిచాక వ్యాఖ్యానంలోకి దిగితే, కిన్‌బోట్ ఆ దుఃఖాన్ని పక్కకి తోసి తన దేశం, తన రాజు కథని అందులోకి ఎలా దూరుస్తున్నాడో చూసి నవ్వూ వస్తుంది, ఒళ్ళూ జలదరిస్తుంది. వ్యాఖ్య చదువుతున్నప్పుడు ఆ పంక్తి దగ్గరికి తిప్పి చూడండి. వ్యాఖ్యలోంచి ఇంకో వ్యాఖ్యకి పొమ్మన్న చోట మాత్రం పోకండి, వరసగా చదివితే అదే వస్తుంది. చివర అకారాది సూచిక వదలొద్దు. రాజకిరీటం నగలు ఎక్కడ దాచారో తెలుసుకుందామని సూచికలో చూస్తే, దాచిన చోటు చూడమంటుంది. అక్కడికి పోతే ఒక విదేశీ మాట చూడమంటుంది. అది ఇంకో మాట దగ్గరికి తోలుతుంది. ఆ మాట దగ్గర ‘రాజకిరీటం నగలు చూడుము’ అని ఉంటుంది. బోధపడింది కదా, ఇలాంటి నవలలో సూచిక కూడా పాత్రే.

వరసని పాఠకుడికే వదిలేసిన పుస్తకాలూ ఉన్నాయి. కొర్తాసార్ ‘హాప్‌స్కాచ్’ (1963)లో 155 అధ్యాయాలు. మొదటి 56 వరసగా చదివి ఆపేయొచ్చు, లేదా రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం 73తో మొదలుపెట్టి గంతులు వేయొచ్చు. మొదటిసారి 56 చాలు. గంతుల దారికి మనుషులు పరిచయమై ఉండాలి.

ఇప్పుడు మీరు అడిగిన క్రమం. పెద్దదాన్ని ఆరు నెలలు అటక మీద పెట్టండి. ముందు ‘లాట్ 49’. ముద్రణని బట్టి 150 నుంచి 180 పేజీలు, ఆరు అధ్యాయాలు, ఆరు కూర్చోడాలు. ఒక కూర్చోడం అంటే నలభై నిమిషాలకి తగ్గకూడదు. ఈ పుస్తకాల్లోకి దిగడానికే పది నిమిషాలు పడుతుంది, పావుగంట ముక్కలుగా చదివితే రోజూ గుమ్మం దగ్గరే ఉంటారు. ఇందులో చాలామంది ఆగేది మూడో అధ్యాయంలో. అక్కడ ఒక పాతకాలపు ప్రతీకార నాటకం కథ పేజీల తరబడి చెబుతాడు. విషాలు, హత్యలు, డ్యూకులు, ఎవరు ఎవరి మేనల్లుడో తేలదు. తేల్చక్కర్లేదు. అది వెక్కిరింత, ఎంత అతిగా ఉంటే అంత నవ్వాలని రాసింది. పట్టుకోవలసినవి రెండే: ఒక దశ తర్వాత రంగం మీద పాత్రలు ఏదో ఒక పేరు పలక్కుండా చూపులతో తప్పించుకోవడం, నాలుగో అంకం చివర ఆ పేరు బయటపడటం. మిగతాది గాలికి వదిలేయండి.

తర్వాత ‘పేల్ ఫైర్’. ఆ రెండిటి మధ్య ఊపిరి తీసుకోవడానికి బోర్హెస్ కథలు రోజుకొకటి చొప్పున పది చదవండి. ఒక్కోటి పది పదిహేను పేజీలకి మించవు, ఒక్కో కథలో ఒక్కో కిటుకు మొత్తంగా ఉంటుంది: లేని పుస్తకానికి సమీక్ష, చీలిపోయే కాలం, ఊహించిన లోకం నిజం లోకాన్ని మింగేయడం. పెద్ద నవలల్లో ఇవే వందల పేజీల సైజులో కనిపిస్తాయి, అప్పుడు పాత స్నేహితుల్లా పలకరిస్తాయి.

ఆ తర్వాత ‘గ్రావిటీస్ రెయిన్‌బో’. మొదటి ముద్రణ 760 పేజీలు. నాలుగు భాగాలు, వాటిలో వరసగా 21, 8, 32, 12, మొత్తం 73 ఎపిసోడ్లు. ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య చాలా ముద్రణల్లో చిన్న చతురస్రాల వరస ఉంటుంది. అదే మీ మైలురాయి. కూర్చోడానికి ఒక ఎపిసోడ్, వారానికి ఐదు, పదిహేను వారాలు. పొడుగు ఎపిసోడ్ వస్తే రెండు రోజులు తీసుకోండి, కానీ సగంలో ఆపినప్పుడు పేరా చివర ఆపండి. ముందే తెలుసుకుని దిగితే మేలు చేసేవి రెండున్నాయి. స్లోత్రప్ అనే అమెరికన్ లెఫ్టినెంట్ లండన్ మ్యాపు మీద తన ప్రేమ వ్యవహారాలు జరిగిన చోట్ల నక్షత్రాలు అంటించుకుంటాడు. రాకెట్లు పడుతున్నదీ సరిగ్గా అక్కడే. ఇది ఎందుకన్నదే కథని లాగే ఎద్దు. మొదటి భాగంలో అది మాటిమాటికీ కనుమరుగవుతుంది, అయినా ఉందని గుర్తుంచుకోండి. రెండోది, చివరి భాగంలో స్లోత్రప్ జాడే పలచబడిపోతుంది. అతని కోసం వెతికితే విసుగొస్తుంది, రచయిత కావాలనే చేశాడని తెలిస్తే రాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పుస్తకంలో కడుపులో తిప్పే లైంగిక దృశ్యాలున్నాయి. అవి దాటేస్తే నేరం కాదు.

ప్రతి ఎపిసోడ్ చివర ఖాళీ చోట ఒక్క వాక్యం రాయండి: ఎవరు, ఎక్కడ, ఏ దృశ్యం. ‘అర్థం ఏమిటి’ అన్నది రాయకండి. మొదటి చదువులో సగం ఎపిసోడ్లకి ఈ వాక్యం రాయగలిగితే బ్రహ్మాండంగా చదువుతున్నట్టు. వరసగా మూడింటికి రాయలేకపోతే, మూడోదాన్ని మాత్రం గట్టిగా చదవండి. అప్పటికీ నవ్వు గానీ, బొమ్మ గానీ, ‘ఆ తర్వాత?’ అన్న కుతూహలం గానీ ఏ ఒక్కటీ పుట్టకపోతే పుస్తకం మూసేయండి. అది మీ పుస్తకం కాదు, కనీసం ఈ ఏడాదికి. కానీ ఆ తీర్పు వందో పేజీ దాటాకే ఇవ్వండి. ఉంబెర్తో ఎకో మఠంలో జరిగే తన నవల ‘ద నేమ్ ఆఫ్ ద రోజ్’ మొదటి వంద పేజీలు తగ్గించమని మిత్రులు, సంపాదకులు అడిగితే ఒప్పుకోలేదు. మఠంలోకి వచ్చేవాడు మఠం నడక నేర్చుకోవాలన్నది ఆయన వాదన. కష్టమైన నవలలన్నిటికీ అలాంటి గడప ఒకటుంటుంది.

మధ్యలో రెండు వారాలు విరామం వచ్చిందనుకోండి. మీ మూడు ప్రయత్నాలూ బహుశా ఇక్కడే మళ్ళీ మొదటికి వచ్చి ఉంటాయి. మొదటి పేజీకి వెళ్ళకండి. అలా చేసేవాళ్ళు మొదటి అరవై పేజీలు ఐదుసార్లు చదివి, అరవై ఒకటోది ఎన్నడూ చూడరు. ఆగిన చోటికి పది పేజీలు వెనక్కి పోయి, మీరు రాసుకున్న ఒంటి వాక్యాలు ఒకసారి చూసి, అక్కడి నుంచే సాగండి.

ఇక ఒకసారి చదివితే చాలా అన్న ప్రశ్న. పెద్ద నవలకి చాలు. ‘లాట్ 49’కి మాత్రం చాలదు. దాన్ని ముగించిన రోజే, పుస్తకం కింద పెట్టకుండా, మొదటి అధ్యాయం మళ్ళీ చదవండి, అరగంట పని. ఒక తపాలా గుర్తు ఈడిపాకి ప్రతిచోటా కనిపించడం మొదలవుతుంది. ఆమె నిజంగా ఒక రహస్య వ్యవస్థని కనిపెడుతోందా, తనే అల్లుకుంటోందా, ఎవరైనా ఆట పట్టిస్తున్నారా అని ఆమెకి తేలదు. రెండోసారి చదువుతున్నప్పుడు అదే గుర్తులు మీకు ఆమెకన్నా ముందే కనిపిస్తాయి. అప్పుడు ఆ మూడు అనుమానాలూ మీవే అవుతాయి. ఇలాంటి నవలలో సరదా ఏమిటన్నారు కదా, నన్నడిగితే ఇదే. అన్నట్టు, ఆ పుస్తకం పేరుకి అర్థమేమిటో ఆఖరి వాక్యం దాకా తెలియదు. ముందుగా ఎక్కడా వెతక్కండి.